గొంతులో దాగిన సెగ



ఇవాళ నేను మాట్లాడబోయేది గొంతుకు, టాన్సిల్స్‌కు వచ్చే సుఖవ్యాధుల గురించి. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కనే ఉన్నారని రేడియో కట్టెయ్యబోతున్నవాళ్ళు కాస్త ఆగండి. పెద్దవాళ్ళు వినకూడని మాట ఇందులో ఒక్కటీ లేదు. పిల్లల గురించి కూడా ఒక సంగతి చెప్పాల్సి ఉంది కాబట్టి నిజానికి ఆ పెద్దవాళ్ళే ముందు వినాలి.

సుఖవ్యాధి అనగానే మన ఆలోచన నడుము కిందికే పోతుంది. ఒంటికి పోతే మంట, చీము, పుండు, గజ్జల్లో బిళ్ళ. ఇవేవీ లేకపోతే నాకేమీ లేదన్న ధీమా. కానీ సెగవ్యాధిని, అంటే గనేరియాను తెచ్చే గోనోకాకస్ అనే సూక్ష్మజీవికి కావలసింది తడిగా, వెచ్చగా ఉండే లోపలి పొర మాత్రమే. అది మూత్రనాళంలో ఉంది, గర్భాశయ ముఖద్వారంలో ఉంది, మలద్వారంలో ఉంది, గొంతులోనూ ఉంది. నోటితో జరిపే సంభోగం వల్ల అది గొంతుకు చేరుతుంది. సవాయి రోగం, అంటే సిఫిలిస్, క్లమీడియా కూడా ఆ దారినే వస్తాయి. ఆడవాళ్ళకూ వస్తాయి, మగవాళ్ళకూ వస్తాయి, మగవాళ్ళతో సంబంధం పెట్టుకునే మగవాళ్ళకూ వస్తాయి, పెళ్ళయి పదేళ్ళయినవాళ్ళకూ వస్తాయి. ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే, ఒకే పళ్ళెంలో తింటే, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే సెగ రాదు. ఒక్క గదిలో ఎనిమిది మంది ఉండే కార్మికులు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. లేకపోతే పాపం, జబ్బు ఉందని చెప్పుకున్న మనిషిని గదిలోంచి వెళ్ళగొడతారు.

గొంతులో చేరిన గోనోకాకస్ పదిమందిలో తొమ్మిది మందికి ఏ బాధా పెట్టదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, గుటక ఎప్పటిలాగే దిగుతుంది. చాలామందిలో కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో దానంతటదే పోతుంది కూడా. అది పోయేలోపు ఇంకొకరికి అంటుకుని ఉంటుంది. మిగిలిన ఆ ఒక్కరికి వచ్చే నొప్పిలోనూ ప్రత్యేకత ఏమీ లేదు. గొంతు ఎర్రబడుతుంది, టాన్సిల్స్ కాస్త ఉబ్బుతాయి, దవడ కింద బిళ్ళ కడుతుంది. జలుబు చేసినా అంతే కదా. టార్చి వేసి చూసి ఇది సెగ, ఇది జలుబు అని చెప్పగల డాక్టరు లేడు. మామూలుగా గొంతు నుంచి దూదిపుల్లతో తీసి పంపే కల్చర్ పరీక్షలో కూడా ఇది దొరకదు, ఎందుకంటే దీన్ని పెంచడానికి వేరే మాధ్యమం కావాలి. అనుమానం రాసి పంపితే తప్ప ల్యాబువాళ్ళు ఆ మాధ్యమం వాడరు.

అసలు మన పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామిక ప్రాంతంలో గొంతు నొప్పికి కారణాల కరువే లేదు. రాత్రిపూట గాలిలో వచ్చే సాల్వెంట్ల వాసన ఒకటి. ముంబయి హైవే దుమ్ము ఒకటి. ఖైనీ, గుట్కా ఒకటి. వర్షాకాలం మొదలైతే వైరస్‌లు సరేసరి. గొంతు గరగరమంటే ఇక్కడ మనిషి చెప్పే మొదటి మాట, "కెమికల్ వాసన పడలేదు" అని. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ మాట నిజమే అయి ఉంటుంది. ఇలాంటి చోట పదోసారి వచ్చిన నొప్పిని వేరుగా గుర్తుపట్టేదెవరు?

మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో ఏ మెడికల్ షాపు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. "భయ్యా, గలే మే దర్ద్ హై" అంటాడొకడు. "అన్నా, గొంతు పట్టేసింది, గోలీ ఇయ్యి" అంటాడు ఇంకొకడు. షాపతను ఏమీ అడగడు. ఎన్నాళ్ళ నుంచి అని కానీ, జ్వరం ఉందా అని కానీ అడగడు. పట్టీ తీసి కత్తెరతో మూడు బిళ్ళలు కత్తిరిస్తాడు. పట్టీ మీద నిలువునా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు అని చెప్పడానికి వేసిన గీత అది. కత్తెర పడేది సరిగ్గా మందు పేరు మీద. చేతికి వచ్చే ముక్క మీద సగం అక్షరాలు, సగం తేదీ ఉంటాయి. రేపు నొప్పి తగ్గక డాక్టరు దగ్గరికి పోతే, "ఏం మందు వాడినవ్?" అని అడిగినప్పుడు చూపించడానికి ఆ ముక్క కూడా మిగలదు. "తెల్లగోలీ సార్" అంటాడు.

ఆ తెల్లగోలీ అజిత్రోమైసిన్ కావచ్చు, సిప్రోఫ్లాక్సాసిన్ కావచ్చు, సెఫిక్సిమ్ కావచ్చు. సెఫిక్సిమ్ వంటి మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలని 2014 మార్చి నుంచి చట్టం ఉంది. ఆ రిజిస్టరులో మన ఇస్నాపూర్ చౌరస్తా జనం పేర్లు ఎన్ని ఉన్నాయో మీరే ఊహించుకోండి.

వైరస్ వల్ల వచ్చిన గొంతు నొప్పికి ఈ మూడు గోలీలూ పనిచెయ్యవు. నాలుగో రోజుకు నొప్పి దానంతటదే తగ్గుతుంది, మంచిపేరు గోలీకి వస్తుంది. అదే గొంతులో, ఆ మనిషికి తెలియకుండా గోనోకాకస్ ఉంటే ఏమవుతుంది? మూడు గోలీలు దాన్ని చంపడానికి చాలవు. బలహీనమైనవి చచ్చి, గట్టివి మిగులుతాయి. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది.

గోనోకాకస్‌ను 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ కనిపెట్టాడు. ఆయన పేరుతోనే దాని కుటుంబానికి నైసీరియా అని పేరు వచ్చింది. ఆ కుటుంబంలో చాలా జాతులు సాధువులు. మీ గొంతులో, నా గొంతులో పుట్టినప్పటి నుంచీ కాపురం ఉంటున్నాయి, మనకు ఏ హానీ చెయ్యవు. కానీ మనం జలుబుకని, దగ్గుకని, పంటినొప్పికని మింగిన ప్రతి యాంటీబయోటిక్ దెబ్బా అవి తింటాయి. ఏళ్ళ తరబడి తిని తిని మందును తట్టుకునే జన్యువులు సంపాదించుకుంటాయి. గోనోకాకస్‌కు ఒక విద్య ఉంది. పక్కనున్న బంధువు చచ్చినప్పుడు బయటపడే జన్యుపదార్థాన్ని పీల్చుకుని తన దానిలో అతికించుకోగలదు. పొద్దున్నే లేబర్ అడ్డా మీద కొత్తగా వచ్చినవాడు పాతవాళ్ళ దగ్గర పని గుట్టు పట్టేసినట్టు, అది గొంతులో చేరి మందును ఎలా తప్పించుకోవాలో నేర్చుకుంటుంది. సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ వంటి మందులకు లొంగని గోనోకాకస్‌లలో పెన్-ఎ అనే జన్యువును పరిశీలిస్తే, అందులో ముక్కలు ఈ సాధు నైసీరియాల నుంచి వచ్చినవేనని తేలింది. మూత్రనాళంలో ఈ బంధువులు ఉండవు. ఉండేది గొంతులోనే.

ఇది కాగితం మీది భయం కాదు. సెఫ్‌ట్రయాక్సోన్ సూదికి గట్టిగా ఎదురు తిరిగిన మొదటి గోనోకాకస్ 2009లో జపాన్‌లోని క్యోటో నగరంలో దొరికింది. దొరికింది ఒక మహిళ గొంతులో. 2018లో ఇంగ్లండులో ఒకాయనకు సెగ వచ్చింది. ఆగ్నేయాసియా ప్రయాణంలో అంటుకుంది. సెఫ్‌ట్రయాక్సోన్ ఇచ్చారు, దానికీ, అజిత్రోమైసిన్‌కూ కూడా అది లొంగని రకమని తేలింది. తర్వాత స్పెక్టినోమైసిన్ అనే సూది ఇస్తే కింద తగ్గింది, గొంతులో తగ్గలేదు. చివరికి ఆసుపత్రిలో చేర్చి ఎర్టాపెనెం అనే మందును మూడు రోజులు నరానికి ఎక్కిస్తే గానీ ఆ గొంతు శుభ్రపడలేదు. కింద తగ్గినప్పుడు ఆగిపోయి, గొంతును మళ్ళీ పరీక్షించకుండా పంపేసి ఉంటే ఆయన ఆరోగ్యవంతుడిలాగే తిరిగేవాడు. గొంతులో ఉన్నది మాత్రం ఊరంతా తిరిగేది.

ఇక మన ప్రాంతం సంగతి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ఒక పరిశోధన అచ్చువేసింది. పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి, శుద్ధి అయిన తర్వాత బయటికి వస్తున్న నీటిని వాళ్ళు పరీక్షించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ లెక్కన రోజుకు 45 కిలోల సిప్రో నీళ్ళలో పోతోంది. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే సిప్రో అంత ఉంటుందట. పటాన్‌చెరులోనే వైద్యం చేస్తూ, నక్కవాగు కాలుష్యంపై దశాబ్దాలు పోరాడిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు మాటలు ఆ రోజుల్లో వినడానికి చాలామందికి తీరిక లేకపోయింది. స్వీడన్ నుంచి అంకెలు వచ్చాక ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు పలికింది. తర్వాత ఇసకవాగు, నక్కవాగుల అడుగు మట్టిలో మందులను తట్టుకునే జన్యువులు విపరీతంగా ఉన్నాయని 2011లో మరో పరిశోధన తేల్చింది.

అదే 2007లో, ఏప్రిల్ నెలలో, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సెగవ్యాధికి సిప్రో వాడొద్దని ప్రకటించింది. 1990లలో ఒక్క సిప్రో గోలీ వేస్తే సెగ పోయేది. డాక్టర్లకు అంతకన్నా సులువైన వైద్యం లేదు. 2007 నాటికి ఆ కథ ముగిసింది. మన దేశంలో అంతకు ముందే ముగిసింది.

ఈ రెండింటికీ ముడిపెట్టి, నక్కవాగు నీళ్ళ వల్లే సెగ మొండికేసిందని నేను అనను. గోనోకాకస్ మనిషి ఒంట్లో తప్ప ఎక్కడా బతకదు. వాగులో, మట్టిలో అది లేదు. సిప్రోను తట్టుకోవడం అది మనుషుల్లోనే, మనం మింగిన గోలీల మధ్యనే నేర్చుకుంది. కాబట్టి కంపెనీల మీద ఎన్ని నిందలు వేసినా, ఈ ఒక్క నిందలో సగం వాటా ఇస్నాపూర్ చౌరస్తాలోని కత్తెరకు, దాని ముందు చెయ్యి చాపిన మనకు ఉంది. మందు తయారయ్యే చోట మందుకు విలువ ఉంటుందనుకుంటాం. ఇక్కడ పొడి చేతికి అంటుకునేంత దగ్గరగా ఉండి, దాన్ని పిప్పరమెంటులా మింగడం అలవాటయింది.

సవాయి కథ వేరు. అది గొంతులోకి వస్తే దాక్కోదు, వేషం మారుస్తుంది. అంటుకున్న మూడు వారాలకు అటూ ఇటూగా పెదవి మీదో, నాలుక మీదో, ఒక పక్క టాన్సిల్ మీదో పుండు లేస్తుంది. అంచులు గట్టిగా ఉంటాయి. నొప్పి ఉండదు లేదా బహు తక్కువ. ఆ పక్కనే దవడ కింద బిళ్ళ రబ్బరులా గట్టిపడుతుంది. మామూలు టాన్సిల్ నొప్పి రెండు పక్కలా వస్తుంది, గుటక మింగనివ్వదు. ఇది ఒక్క పక్కే వచ్చి, బాధ పెట్టకుండా ఊరుకుంటుంది. ఖైనీ నమిలే అలవాటున్న మనిషికి ఇలాంటి పుండు కనబడితే డాక్టరుకు మొదట క్యాన్సర్ గుర్తుకు వస్తుంది. అలా రావడం తప్పు కాదు. ముక్క తీసి పంపే ముందు, లేదా దాంతో పాటే, వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష కూడా చేయిస్తే చాలా మనోవేదన తప్పుతుంది. పుండు కొత్తగా లేచినప్పుడు ఆ పరీక్షలో ఏమీ లేదని రావచ్చు, కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించాలి.

ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో ఆ పుండు మానిపోతుంది. మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. కొన్నాళ్ళకు కొద్దిపాటి జ్వరం, గొంతులో బూడిదరంగు మచ్చలు, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో. దురద ఉండదు. అక్కడక్కడా జుట్టు ఊడుతుంది. ఇది రెండో దశ. రియాక్టర్ దగ్గర పనిచేసేవాడికి అరచేతిలో మచ్చలు వస్తే ఏమంటాడు? "గ్లౌజు చిరిగింది, కెమికల్ పడ్డది" అంటాడు. సూపర్‌వైజరు కూడా అదే అంటాడు. ఆయింటుమెంటు రాస్తారు. మచ్చలు వాటంతటవే పోతాయి, ఆయింటుమెంటుకు మంచిపేరు వస్తుంది. సవాయి లోపలికి దిగిపోయి ఏళ్ళ తర్వాత గుండెనో, మెదడునో పట్టుకోవచ్చు. చేతికి కెమికల్ పడితే మచ్చలు చేతికే రావాలి. అరికాళ్ళకూ, గొంతులోనూ కలిపి వస్తే రక్తపరీక్ష అడగండి.

దీనికి వైద్యం మాత్రం మన అదృష్టం. 1943లో జాన్ మహోనీ అనే అమెరికా డాక్టరు నలుగురు సవాయి రోగులకు పెన్సిలిన్ ఇచ్చి నయం చేశాడు. ఎనభై ఏళ్ళు దాటినా పెన్సిలిన్‌కు ఎదురు తిరగడం సవాయిని తెచ్చే ట్రెపోనీమా అనే సూక్ష్మజీవికి చేతకాలేదు. తొలి దశల్లో పిరుదుకు వేసే బెంజథీన్ పెన్సిలిన్ సూది చాలు. నొప్పిగా ఉంటుంది, దాచడం ఎందుకు. పెన్సిలిన్ పడనివాళ్ళకు డాక్టరు రాస్తే తప్ప, గోలీతో పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అజిత్రోమైసిన్‌ను సవాయి కూడా తప్పించుకుంటోంది.

క్లమీడియా గొంతులో అరుదుగా బాధ పెడుతుంది. గొంతు స్వాబ్ మీద చేసే జన్యుపరీక్షలో సెగతో పాటే బయటపడుతుంది, వారం రోజుల మందుతో పోతుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

మరి చూపించుకునేది ఎక్కడ? ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లకు సురక్ష క్లినిక్ అని పేరు. పరీక్ష, సలహా, మందులు ఉచితం. మందులు రంగు డబ్బాల్లో ఉంటాయి. చీము పడితే బూడిదరంగు, పుండుకు తెలుపు, పెన్సిలిన్ పడనివాళ్ళకు నీలం, గజ్జల బిళ్ళకు నలుపు, ఇలా మొత్తం ఏడు రంగులు. పరీక్షలు దొరకని చోట లక్షణం చూసి వెంటనే మందిచ్చేందుకు ఈ పద్ధతి పెట్టారు. లక్షలమందికి మేలు చేసింది. లక్షణమే లేని గొంతుకు మాత్రం రంగు లేదు. ఒంటికి పోతే మంట అని వచ్చినవాడికి బూడిదరంగు డబ్బా ఇస్తారు, అందులోని సెఫిక్సిమ్ కింద ఉన్న సెగను తగ్గించినా గొంతులో ఉన్నదాన్ని అంత నమ్మకంగా తగ్గించలేదు. టాన్సిల్ గుంటల్లోకి మందు చేరడం కష్టం. అందుకే గొంతు సెగకు సెఫ్‌ట్రయాక్సోన్ సూదే మేలంటారు. మోతాదు ఎంతో నేను చెప్పను. చెబితే రేపు షాపులో ఆ అంకే అడుగుతారు.

అందుకని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. "నోటితో కూడా సంబంధం ఉంది సార్, గొంతు కూడా చూడండి." అంతే. ఈ ఒక్క వాక్యం నోట రావడానికి మన జనానికి ఎంత కష్టమో నాకు తెలుసు. మగవాళ్ళ మధ్య సంబంధమైతే మరీ కష్టం. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య అది నేరం కాదు. డాక్టరు పోలీసుకు చెప్పడు, కంపెనీకి చెప్పడు. డాక్టర్లకు కూడా ఒక విన్నపం. ఆ ప్రశ్న మీరే ముందు, మామూలు గొంతుతో, బీపీ ఉందా షుగరు ఉందా అని అడిగినట్టే అడిగితే సగం పని అయిపోతుంది. చుట్టూ నలుగురు నిలబడి ఉండగా మాత్రం వద్దు.

సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. బోధనాసుపత్రుల్లో ఈ జబ్బులు చూసేది చర్మవ్యాధుల విభాగమే. గది బయట డీవీఎల్ అని మూడక్షరాలు ఉంటాయి. ఆ వరసలో నిలబడ్డవాళ్ళలో ఎవరు తామరకు వచ్చారో, ఎవరు దీనికి వచ్చారో ఎవరికీ తెలియదు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్ళకు రామచంద్రాపురం ఆసుపత్రి ఉండనే ఉంది. గొంతు స్వాబ్ మీద చేసే జన్యుపరీక్ష అన్నిచోట్లా దొరకదు. సుఖవ్యాధుల పరీక్షలకు ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఉంది, అక్కడికి పంపమని అడగవచ్చు.

వలస వచ్చిన బిహారీ, ఒడియా కూలీల వల్లే ఈ జబ్బులని కొందరంటారు. మియాపూర్ నుంచి ఏసీ క్యాబులో వచ్చే ఆఫీసరు గొంతూ, ఫ్లోరు తుడిచే మనిషి గొంతూ గోనోకాకస్‌కు ఒకటే. తేడా ఏమిటంటే ఆఫీసరుకు ప్రైవేటు ల్యాబు రిపోర్టు ఫోనుకు వస్తుంది. కూలీకి పరీక్షకు పోతే ఆ రోజు హాజరు పోతుంది.

పిల్లల సంగతి చెబుతానన్నాను. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డ కళ్ళకు సెగ అంటుతుంది, కళ్ళు పుసి కట్టి చూపు పోయే ప్రమాదం ఉంది. సవాయి అయితే కడుపులోనే అంటుతుంది. గర్భిణులకు ఆ రక్తపరీక్ష అందుకే చేస్తారు, తప్పించుకోవద్దు. కానీ ఎదిగిన పిల్లకో పిల్లాడికో గొంతులో సెగ ఉందని తేలితే అది తువ్వాలు వల్లో, నీళ్ళ వల్లో రాలేదు. ఆ బిడ్డ మీద ఎవరో అత్యాచారం చేశారని అనుమానించాల్సిందే. 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి పోలీసులకు తెలపడం డాక్టరు విధి, ఇంట్లోవాళ్ళ విధి కూడా. బిడ్డను కొట్టి అడగకండి. 1098కి ఫోను చెయ్యండి.

ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే గొంతుకు హాయిగా ఉంటుంది, సెగ మాత్రం పోదు. మౌత్‌వాష్ వాడితే రాదేమోనని ఆస్ట్రేలియాలో వందలమందిపై పరీక్షించి చూశారు. లాభం లేదని తేలింది. కండోమ్ నోటి సంభోగంలోనూ కాపాడుతుంది.

సూది వేయించుకున్నాక వారం రోజులు ఎవరితోనూ కలవకండి. గత రెండు నెలల్లో మీతో సంబంధం ఉన్నవాళ్ళకు చెప్పి వాళ్ళకూ వైద్యం చేయించండి. కింద సెగ తగ్గితే సాధారణంగా మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. గొంతు అయితే వారం నుంచి రెండు వారాల మధ్యలో మళ్ళీ వెళ్ళి స్వాబ్ ఇవ్వాలి. హాజరు పోతుందని మానేసేది ఎక్కువగా ఈ రెండోసారే. ఏ షిఫ్టులో ఉన్నా వీలు చూసుకుని వెళ్ళండి. అడ్రసు తెలియకపోతే, ఎవరినీ అడగలేకపోతే, 1097కు ఫోను చెయ్యండి, ఖర్చు లేదు, పేరు చెప్పక్కర్లేదు.